దిగబడ్డ బండి మీద యాక్సిలేటర్ తొక్కొద్దు



ఇవాళ పోస్టు కొంచెం పెద్దదే. ఇందులో యార్డు రేట్లు లేవు, మందుల పేర్లు లేవు. అంగారక గ్రహం మీద బండి ఎట్లా తోలతారో రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. కౌలు మాటలు జరిగే రోజులివి. మిర్చి ఎన్ని ఎకరాలు, పత్తి ఎన్ని ఎకరాలు అని రచ్చబండ కాడ లెక్కలు నడుస్తున్నాయి. ఆ లెక్కలకీ ఈ బండికీ సంబంధం ఉంది. అది చెబుదామనే ఈ రాత.

నేను ఇరవై ఏళ్ల బట్టి ట్రాక్టర్ తోలుతున్నా. సొంత చేను దున్నుకుంటా, కిరాయికీ పోతా. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి ఈ రోవర్ల పిచ్చి పట్టుకుంది. రోవర్ అంటే మనిషి లేకుండా నడిచే ఆరు చక్రాల బండి. కళ్లం కాడ కాయలకి కాపలా పడుకున్న రాత్రుల్లో నిద్ర పట్టదు గదా, అప్పుడు ఫోన్లో వాటి ఫొటోలు చూస్తుంటా. అమెరికా వాళ్ల నాసా, అంగారకుడి మీది బండ్లు తీసిన ఫొటోలు వచ్చినవి వచ్చినట్టే నెట్‌లో పెడతది. ఎవరైనా చూడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఎర్రటి నేల, రాళ్లు, ఇసుక, వెనక్కి చూస్తే బండి నడిచొచ్చిన చక్రాల గుర్తులు. మన డొంకలో ట్రాక్టర్ పోయిన జాడలాగే ఉంటది.

"మనకు గిట్టుబాటు లేక ఏడుస్తుంటే నీకు అంగారకుడు కావాల్సొచ్చిందా" అని మా వాళ్లే అన్నారు. అన్నమాట నిజమే. కానీ ఇది మరీ పరాయి సంగతి కూడా కాదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మన ఒంగోలు దాటి నెల్లూరు మీదుగా పోతే సూళ్లూరుపేట పక్కనే. మంగళయాన్ 2013 నవంబర్ 5న అక్కడి నుంచే ఎగిరి, 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి చుట్టూ తిరగటం మొదలుపెట్టింది. ఖర్చు దాదాపు 450 కోట్లు. అయితే అది చుట్టూ తిరిగిందే గానీ నేల మీద దిగలేదు. మన దేశం వేరే నేల మీద బండి తోలింది చంద్రుడి మీదే. దాని పేరు ప్రజ్ఞాన్.

ముందు అసలు తోలడం ఎట్లాగో చెబుతా. నేనూ మొదట్లో పిల్లలు బొమ్మ కారు తోలినట్టు రిమోటు పట్టుకుని తోలతారనుకున్నా. అట్లా కుదరదు. భూమికీ అంగారకుడికీ మధ్య దూరం ఒకప్పుడు ఐదున్నర కోట్ల కిలోమీటర్లు ఉంటే ఇంకొకప్పుడు 40 కోట్లు. ఇక్కడి నుంచి పంపిన మాట అక్కడికి చేరటానికి 3 నిమిషాల నుంచి 22 నిమిషాలు పడుద్ది. జవాబు రావటానికి మళ్లీ అంత. బండి గుంతలో పడబోతోందని మీరు ఫొటోలో చూసేసరికి అది ఎప్పుడో పడిపోయి ఉంటది. బ్రేకు తొక్కుదామంటే ఆ తొక్కిన సంగతి బండికి తెలియటానికి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు.

అందుకని వాళ్లు రోజుకొకసారి ఆలోచిస్తారు. సాయంత్రానికి బండి తను తీసిన ఫొటోలు పంపుద్ది. తెచ్చిచ్చే పని అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలది. బండికి మన కళ్లలాగా పక్కపక్కనే రెండు కెమెరాలు ఉంటాయి, వాటితో రాయి ఎంత ఎత్తుందో, గుంత ఎంత లోతుందో లెక్క కడతారు. అక్కడ రాత్రయి బండి పడుకుని ఉండగా ఇక్కడ మనుషులు కూర్చుని రేపటి పని మొత్తం రాస్తారు. ఇంత దూరం ముందుకు పో, ఇక్కడ ఇటు తిరుగు, ఆగి ఫొటో తియ్యి అని. తెల్లారేసరికి ఆ కాగితం, అంటే ఆ ఆదేశాలు, బండికి చేరతాయి. ఇక ఆ రోజంతా బండి ఒక్కతే. అక్కడి రోజు మన రోజు కన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ. కొత్తగా బండి దిగిన మొదటి నెలల్లో ఈ డ్రైవర్లు అక్కడి గడియారం ప్రకారమే పనిచేస్తారు. ఇవాళ పొద్దున 8కి డ్యూటీ ఎక్కితే రేపు 8:40కి. కొన్నాళ్లకి పగలు రాత్రి అయిద్ది, రాత్రి పగలు అయిద్ది. మన పంజాబ్‌లో పుట్టిన వందనా వర్మ గారు అనే ఆవిడ ఏళ్ల తరబడి ఈ బండ్లు తోలే ఇంజనీరు.

ఇక్కడే నాకు నచ్చిన సంగతి ఉంది. రాత్రి రాసే ఆ కాగితంలో "ఇంత దూరం పో" అని ఒక్కటే రాయరు. "ఇంతకి మించి పక్కకి ఒరిగితే ఆగిపో. చక్రాలు తిరుగుతున్నా బండి కదలకపోతే ఆగిపో. ఆగి, ఫొటో తీసి, మాకు చెప్పు" అని కూడా రాస్తారు. హద్దు ముందే పెడతారు. ఆ హద్దు దాటితే బండి తనంతట తానే నిలబడిపోద్ది. అప్పుడు మళ్లీ మనుషులు కూర్చుని చూస్తారు. ఒక రోజు పోయిద్ది. పోతే పోయింది, బండి ఉంటది.

ఆ హద్దుల విలువ వాళ్లకి ఎట్లా తెలిసిందో చూడండి. 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అనే రెండు బండ్లు అంగారకుడి మీద రెండు పక్కల దిగాయి. 90 రోజులు నడిస్తే చాలనుకుని పంపిన బండ్లు అవి. 2005 ఏప్రిల్‌లో ఆపర్చునిటీ చదునుగా కనపడే ఇసుక నేల మీద పోతా పోతా ఒక చిన్న ఇసుక దిబ్బలో దిగబడింది. దిబ్బ ఎత్తు అడుగే. కానీ మెత్తటి పిండిలాంటి ఇసుక. చక్రాలు తిరుగుతున్నాయి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కబెట్టుకుని "నేను పోతున్నా" అనుకుంటోంది బండి. నిజానికి అక్కడే ఉండి గుంత తవ్వుకుంటోంది.

ఇది మనలో ఎవరికి తెలియదు? నల్లరేగడిలో వాన పడ్డాక పదును చూడకుండా ట్రాక్టర్ దించితే ఇదే గదా. వెనక టైర్లు గిరగిరా తిరుగుతాయి, బండి అంగుళం కదలదు. కొత్త కుర్రాడైతే యాక్సిలేటర్ ఇంకా తొక్కుతాడు. టైరు కింద మట్టి తవ్వుకుంటా ఇరుసుదాకా దిగుద్ది. పొట్ట నేలకి ఆనిందంటే ఇక అయిపోయినట్టే. పాత డ్రైవర్ ఏం చేస్తాడు? ముందు ఇంజను ఆపుతాడు. దిగుతాడు. చుట్టూ తిరిగి చూస్తాడు. ట్రక్కు తగిలించి ఉంటే ఊడదీస్తాడు. టైర్ల కింద పత్తికట్టె వేస్తాడు. వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి తీస్తాడు. కాకపోతే ఇంకో బండి తెచ్చి మోకు కడతాడు.

అంగారకుడి మీద మోకు కట్టే నాథుడు లేడు. దాంతో వాళ్లు ఏం చేశారంటే, అమెరికాలో ఒక గదిలో ఇసుక పోసి, ఆ మెత్తదనం వచ్చేదాకా రకరకాల పొడులు కలిపి, అచ్చం ఆ బండిలాంటి బండినే అందులో దించి, కావాలని దిగబెట్టారు. దాన్ని ఎట్లా బయటికి తీయాలో ఇక్కడ నేర్చుకున్నారు. తర్వాత అక్కడి బండికి చెప్పారు. చక్రాలు తిన్నగా పెట్టు, వచ్చిన దారినే వెనక్కి రా, కొంచెం తిరిగి ఆగు. ఒక్కో రోజు బండి కదిలింది కొన్ని సెంటీమీటర్లే. ఐదు వారాలపైన పట్టింది. జూన్ 4న బయటపడింది. అప్పటినుంచి మధ్యమధ్య ఆగి ఫొటోలు చూసుకుని, నిజంగా కదిలానా లేదా అని సరిచూసుకునే పద్ధతి పెట్టారు. ఆ బండి తర్వాత ఇంకో 13 ఏళ్లు నడిచింది. మొత్తం 45 కిలోమీటర్లు. 2018 జూన్‌లో పెద్ద దుమ్ము తుఫాను వచ్చి సోలార్ పలకలకి ఎండ తగలక మాట ఆగిపోయింది.

రెండోది స్పిరిట్. దీని కథ వేరు. 2006లో ముందు కుడి చక్రం పట్టేసింది. ఆ చక్రం తిరగదు. అయినా వదిలెయ్యలేదు. వెనక గేరులో తోలటం మొదలుపెట్టారు. చెడిపోయిన చక్రాన్ని ఈడ్చుకుంటా పోయింది బండి. ఆ ఈడ్చిన చక్రం నేలలో సాలు తీసింది. 2007లో ఆ సాలులో తెల్లటి మన్ను బయటపడింది. పరీక్ష చేస్తే దాదాపు అంతా సిలికా. ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊటలో, ఆవిరో ఉండేదనటానికి అది గట్టి ఆనవాలు. చక్రం బాగుంటే దాని పక్క నుంచే పోయేవాళ్లేమో. 2009 మేలో అదే బండి పైన గట్టిగా పెచ్చులాగా ఉండి కింద మెత్తగా ఉన్న చోట దిగబడింది. నెలల తరబడి ప్రయత్నించారు. ఈసారి రాలేదు. 2010 జనవరిలో "ఇక కదలదు" అని బయటికి చెప్పేశారు. ఆ మార్చి 22 తర్వాత దాని నుంచి మాట లేదు.

రెండు బండ్లూ ఒకే కొలిమిలో పుట్టినవి. తోలినవాళ్లూ తెలివైనవాళ్లే. ఒకటి బయటపడింది, ఒకటి పడలేదు. ఎంత జాగ్రత్త పడ్డా నేల మాట నేలదే. ఇది కూడా మనకి తెలిసిన సంగతే.

మన ప్రజ్ఞాన్ సంగతికి వద్దాం. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి విక్రమ్ దిగింది. అందులో నుంచి ప్రజ్ఞాన్ కిందికొచ్చింది. బరువు 26 కిలోలు, అంటే మన యూరియా బస్తాలో సగం పైచిలుకు. వేగం సెకనుకి ఒక సెంటీమీటరు. గొంగళిపురుగు నడక. ఆగస్టు 27న దాని ముందు 3 మీటర్ల దూరంలో ఒక గుంత కనపడింది, వెడల్పు 4 మీటర్లు. వెనక్కి రమ్మన్నారు. వచ్చిన దారినే వచ్చి వేరే దారి పట్టింది. ఆ ఫొటోలు ఇస్రో పెట్టింది. వెనక్కి రావటాన్ని ఎవరూ నామోషీ అనుకోలేదు. దేశమంతా మెచ్చుకుంది. ఆ బండి మొత్తం నడిచింది 100 మీటర్ల చిల్లర. సెప్టెంబర్ 2న అక్కడ రాత్రి పడుతుందని పడుకోబెట్టారు, తర్వాత లేవలేదు. ఆ 100 మీటర్లలోనే చంద్రుడి దక్షిణ ధ్రువం పక్కన మట్టిలో గంధకం ఉందని తేల్చింది.

దానికోసం ఎంత ముందుచూపో చూడండి. చంద్రుడి మట్టిలాంటి మట్టి కావాలని కోడిగుడ్లకి పేరుపడ్డ తమిళనాడు నామక్కల్ జిల్లాలోని పల్లెల నుంచి రాయి తెచ్చి పొడి కొట్టి, దాని మీద బండ్లు పరీక్ష చేశారు. విక్రమ్ అయితే నేలలోకి ఒక పుల్లలాంటి థర్మామీటరు గుచ్చింది. పైన 50 డిగ్రీలు దాటి ఉంటే, 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకి కింద 10 డిగ్రీలు. జానెడు కూడా లేదు ఆ లోతు. పైన చూసి లోపల ఏముందో అనుకోవటానికి లేదు. మేం ఒకసారి మట్టి నమూనా తీసి పరీక్షకి ఇస్తే, ఆ కాగితం మా చేతికొచ్చేసరికి కోతలు కూడా అయిపోయాయి. ఎవరికిచ్చాం, ఏమిటి అనేది ఇక్కడ వద్దు. చంద్రుడి మన్ను సంగతి నాలుగు రోజుల్లో తెలిసింది, చేలో మన్ను సంగతి ఆరు నెలలు పట్టింది అని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

ఇప్పుడు అసలు విషయం.

మా బావ ఒకాయన ఉన్నాడు. పేరు రాయను, ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. 2021లో మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి పెట్టాడు. ఆ ఏడు నల్ల తామర పురుగు వచ్చింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. పూత మీద కూర్చుని పూతంతా రాల్చేసింది. ఎప్పుడూ చూసిన పురుగు కాదు, ఎప్పుడూ కొట్టే మందుకి లొంగలేదు. బావ మూడు రోజులకొకసారి కొట్టాడు. కొట్టులో అరువు ఇచ్చారు. "ఇది కొట్టు, ఆగిపోద్ది" అని ఒకటి. అది పనిచెయ్యకపోతే దాని మీద ఇంకోటి, రెండూ కలిపి ఇంకోసారి. సంక్రాంతికి గేదెలు రెండూ అమ్మాడు. ఇంట్లో చెప్పలేదు, మా అక్కకి కొట్టం ఖాళీ అయ్యాకే తెలిసింది. ఆ అప్పు, వడ్డీ, మీద వడ్డీ కలిసి, పోయిన ఏడాది ఉన్న ఎకరంలో అర ఎకరం అమ్మితే గానీ తీరలేదు.

ఆ ఆపర్చునిటీ దిగబడ్డ సంగతి బావకి చెప్పా. చక్రాలు తిరుగుతుంటే పోతున్నా అనుకుంది పాపం అన్నా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆపాలని నాకూ తెలుసురా. ఎక్కడ ఆపాలో తెలియలా. ఇంకొక్క మందు, ఇంకొక్క మందు అనుకుంటానే పోయా. ఆ టైములో ఎవరు చెప్పినా వినేవాణ్ని కాదు."

ఆ మాట నాకు బాగా తగిలింది. బావకి తెలివి తక్కువ కాదు. ఊళ్లో సేద్యం తెలిసినవాళ్లలో ఒకడు. కానీ పూత రాలుతుంటే, చేతిలో అరువు మందు ఉంటే, పక్క చేనువాడు కొడుతుంటే, అప్పుడు హద్దు గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆ హద్దు ముందే ఉండాలి. విత్తనం కొనకముందు, మనసు కుదురుగా ఉన్నప్పుడు, కాగితం మీద రాసి ఉండాలి. అంగారకుడి బండికి హద్దు రాసేది బండి పడుకున్నప్పుడు. దిబ్బలో కూరుకుపోయాక కాదు.

మీరు ఒక మాట అంటారు, నాకు తెలుసు. "వాళ్ల బండి పోతే ప్రభుత్వం భరిస్తది. వాళ్లకి వందల మంది ఇంజనీర్లు. మనకి ఎవరున్నారు? సగం పైరు మీద చెయ్యి ఎత్తేస్తే పెట్టింది కూడా పోదా?" నిజమే. కౌలు ముందే కట్టాం. నారు, దుక్కి, కూలి అన్నీ అయిపోయాయి. ఆపితే సున్నా. కొడితే ఎంతో కొంత రావచ్చు. ఆ "రావచ్చు" అనే మాటే మనల్ని లోపలికి లాగుద్ది. ఇంకో తేడా కూడా ఉంది. బండికి పరువు లేదు. వెనక్కి రమ్మంటే వచ్చుద్ది. మనకి పరువు అడ్డం. "ఫలానా వాడు పైరు వదిలేశాడంట" అనే మాట పడలేం.

అయితే నేను చెప్పేది పైరు వదిలెయ్యమని కాదు. హద్దు దగ్గర బండి చచ్చిపోదు, ఆగి చూస్తది. అంతే. మనం కూడా ఆ హద్దు దగ్గర ఒక రోజు ఆగుదాం. ఇంజను ఆపి కిందికి దిగి చుట్టూ చూద్దాం. ఆ తర్వాత కూడా ముందుకే పోవాలనిపిస్తే పోదాం. కానీ చూసి పోదాం.

ఈ ఏడు మేం నలుగురం, బావతో కలిపి, కూర్చుని మూడు మాటలు రాసుకున్నాం. ఎవరింట్లో వాళ్లు క్యాలెండర్ పక్కన గోడకి అంటించుకున్నాం.

ఒకటి. మొదటి కోత కోసేలోపు ఎకరానికి తెచ్చే అప్పు ఇంత, దాటకూడదు. ఆ అంకె ఎవరిది వాళ్లదే, నాది మీకు పనికిరాదు. ఆ అంకె వచ్చిందంటే ఆ రోజు కొత్త అరువు లేదు. మిగతా ముగ్గురూ ఆ చేలోకి వచ్చి చూడాలి. చూసి మాట్లాడుకున్నాకే తర్వాత అడుగు.

రెండు. ఒక పురుగుకి రెండుసార్లు కొట్టినా లొంగకపోతే మూడో మందు కొట్టువాడి మాట మీద కొట్టేది లేదు. ఆకు, పూత కోసుకుని గుంటూరు లాం ఫారానికి పోవాలి, లేకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి. రాను పోను ఒక రోజు, బస్సు ఖర్చు. ఒక ట్యాంకు మందు ఖరీదు కన్నా తక్కువే. మందు అమ్మేవాడే వైద్యుడైతే ఆపమని ఎందుకు చెబుతాడు?

మూడు. ప్రతి ఆదివారం ఖర్చు లెక్క ఇంట్లో ఆడవాళ్లకి చెప్పాలి. ఈ మాట పెట్టమన్నది మా అక్క. "చక్రాలు తిరుగుతున్నాయా, బండి కదులుతుందా, బయట నుంచి చూసేవాళ్లకే తెలుసుద్ది" అంది. రోవర్ కథ బావ ఇంట్లో చెప్పినట్టున్నాడు.

చివరగా ఒక సంగతి చెప్పి ముగిస్తా, కుర్రాళ్ల కోసం. ఇప్పుడు మన చేలల్లో మందు కొట్టే డ్రోన్లు తిరుగుతున్నాయి గదా. అంగారకుడి మీద కూడా ఒక డ్రోన్ ఎగిరింది. పేరు ఇంజెన్యూటీ, బరువు 1.8 కిలోలు. అక్కడి గాలి మన గాలిలో నూరో వంతు పల్చన, అందుకని రెక్కలు నిమిషానికి 2,400 చుట్లకి పైగా తిరగాలి. 2021 ఏప్రిల్ 19న మొదటిసారి లేచింది. 5 సార్లు ఎగిరితే చాలనుకుంటే 72 సార్లు ఎగిరింది. దాని ముఖ్య ఇంజనీరు బాబ్ బలరామ్ గారు చదువుకున్నది మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో, ఆ తర్వాత మద్రాసు ఐఐటీలో. ఆ డ్రోన్ కింద ఫొటోలు తీసుకుంటా, రాళ్లూ గుర్తులూ చూసుకుంటా తను ఎక్కడుందో తెలుసుకునేది. 2024 జనవరి 18న గుర్తులేవీ లేని ఇసుక అలల మీద తన లెక్క తప్పి గట్టిగా దిగి రెక్కలు విరిగాయి. 72వ సారి కూడా మొదటిసారంత జాగ్రత్తే పడ్డారు. ఆనవాలు దొరకని నేల మాత్రం అట్లాంటిదే. కొత్త పురుగు వచ్చిన ఏడు మన పని కూడా అంతే. పాత అనుభవంలో గుర్తులు దొరకవు. అలాంటప్పుడు అనుభవం ఉన్నవాళ్లం మనమే ఇంకొంచెం మెల్లగా పోవాలి.

మా బావ ఈ ఏడు మళ్లీ మిర్చి పెడుతున్నాడు. మూడెకరాలు కాదు, ఒక ఎకరం. మిగతాది కంది, జొన్న. నీలం రంగు జిగురు అట్టలు ముందే తెచ్చి పెట్టుకున్నాడు. గోడ మీద కాగితం ఉంది.

మీ కాగితం మీద ఏం రాస్తారో ఆలోచించండి. అంకె నాకు చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లకి చెప్పండి. కౌలు బయానా ఇవ్వకముందే చెప్పండి.

 పంట బాగా పండాలి, రేటు కూడా నిలబడాలి.